ముందుగా చెప్పని మాట



గడచిన మాసమున చింతపండు నిలువచేయు విధమును గూర్చి వ్రాసితిమి. దానికి వచ్చిన జాబులలో ఒక సోదరి, “పచ్చళ్ళ సంగతి చాలును, మీవారి పాఠశాలలో ఆడెడి నాటకముల ముచ్చట ఏమైనను వ్రాయుడు” అని కోరినది. చదివి నవ్వుకొంటిమి గాని ఆ నవ్వు నిలువలేదు. నాటకమనగానే మాకు జ్ఞాపకము వచ్చునది ఒకటి కలదు. దానిని ఇంతవరకు ఈ పుటలలో వ్రాయలేదు. మావారికిని చాలకాలము చెప్పలేదు.

2024 ఫిబ్రవరిలో పాఠశాల వార్షికోత్సవమునకు ద్రౌపదీవస్త్రాపహరణము ఆడించిరి. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద భారతము చదువుకొన్నవారము గనుక పిల్లలకు మాటలు వ్రాయుటయు, పద్యములు నేర్పుటయు మా వంతైనది. ద్రౌపది మా వీధిలోని చిన్నదే. అప్పుడు ఏడవ తరగతి. మంచి కంఠము. పద్యము రెండుమారులు విన్న తప్పులేక అప్పగించును. దుశ్శాసనుడు కిరాణాకొట్టువారి పిల్లవాడు, మెత్తని స్వభావము గలవాడు. అభ్యాసములలో వాడు ద్రౌపది సవరము కొనను రెండు వ్రేళ్ళతో పట్టుకొని, గాలిపటపు దారము పట్టినట్లు పట్టి నడిపించెడివాడు. చూచినవారెల్ల నవ్వుచుండిరి. మాకది పెద్ద కొరతగా తోచినది.

నాటకమునాటి సాయంకాలము ఆ పిల్లవానిని తెరవెనుకకు పిలిచి, “ఈ రాత్రి సవరము పట్టుకోకు నాయనా, అసలు జుట్టే పట్టి గట్టిగా లాగు. దానితో మాత్రము చెప్పకు. అప్పుడుగాని నిజమైన ఏడుపు రాదు” అని చెప్పితిమి. వాడు వెనుకముందు లాడెను. పెద్దవారి మాట వినవలెనని మందలించితిమి.

వాడు లాగినాడు. చిన్నది కెవ్వుమన్నది. దాని చూపు దుశ్శాసనుని వైపు పోలేదు. తెరప్రక్కన పుస్తకము పట్టుకొని నిలుచున్న మా వైపు తిరిగినది. సభలో ఒకటే చప్పట్లు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి వేదిక యెక్కి, ఇంత సహజమైన నటన తామెన్నడు చూడలేదని మెచ్చుకొని 116 రూపాయలు బహుమానమిచ్చిరి. మేమును చప్పట్లు కొట్టితిమి.

మరునాటినుండి చిన్నది పద్యములకు మా యింటికి వచ్చుట మానినది. బడి చదువు ఎక్కువైనది కాబోలుననుకొంటిమి. అట్లనుకొనుట మాకు సుఖముగానుండెను.

ఆ సంవత్సరమే ఆగస్టు 19న కేరళ సినిమారంగమునందలి స్త్రీల స్థితిగతులపై జస్టిస్ హేమ సంఘము వ్రాసిన నివేదిక వెలువడినది. 2017లో ఏర్పడిన సంఘము. 2019 డిసెంబరులో ప్రభుత్వమునకు సమర్పించిన నివేదిక. ప్రజల చేతికి వచ్చుటకు మరి నాలుగేండ్లకు పైగా పట్టినది. అందలి దారుణములు మీరును పత్రికలలో చదివియే యుందురు. మమ్ము నిలువబెట్టినది మాత్రము వానిలో చిన్నదిగా కనబడు విషయము: వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేకుండ నటీమణులను పిలుచుట, ముందొక విధముగా చెప్పి తీరా చిత్రీకరణ సమయమున చెప్పినదానిని మించిన సన్నిహిత దృశ్యములు చేయుమని ఒత్తిడి పెట్టుట. “ముందుగా చెప్పకుండుట” అను మాట చదువగానే మాకు తెరప్రక్కనుండి చూచిన ఆ కన్నులు జ్ఞాపకమునకు వచ్చినవి. ఇట్టివి లోకమున ఇంకను జరిగినవా యని మావారి సాయమున వెదకి చదువ నారంభించితిమి. జరిగినవి. చేసినవారు సామాన్యులు కారు, కళాకోవిదులని పేరుపడ్డవారు.

1963లో విడుదలైన “ది బర్డ్స్” అను అమెరికా చిత్రమును ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసెను. నాయిక టిప్పి హెడ్రెన్. మేడమీది గదిలో పక్షులు ఆమెపై బడి పొడుచు ఘట్టమొకటి కలదు. దానిని మరపక్షులతో తీయుదుమని ఆమెకు చెప్పియుండిరి. తీరా ఆ యుదయమున మరపక్షులు పనికిరావని చెప్పి, ప్రాణమున్న పక్షులను తెచ్చి ఆమెపైకి విసరిరి. ఒక్కదినము కాదు, 5 దినములు. తుదకు దుస్తులకు కట్టిన పక్షులలో ఒకటి కంటికి సమీపమున గీరగా ఆమె కూలబడి ఏడ్చినది. వైద్యుడు విశ్రాంతి విధించెను. పక్షులను విసరినవారి చేతులకు దళసరి తొడుగులు కలవట. ఆ వాక్యము దగ్గర మేము చాలసేపు ఆగిపోతిమి. పక్షి పొడుచునని వారికి ముందే తెలియును గదా! చేతులకు తొడుగు తెచ్చుకొన్నవారికి ఆమె ముఖము సంగతి తోచలేదు.

రెండవది ఇంకను బాధాకరమైనది. ఇంటిల్లపాది చదువు పత్రిక గనుక క్లుప్తముగా చెప్పెదము. 1972లో బెర్నార్డో బెర్టొలూచీ తీసిన “లాస్ట్ టాంగో ఇన్ పారిస్” లో మారియా ష్నైడర్ అను 19 ఏండ్ల చిన్నది, తనకన్న దాదాపు 30 ఏండ్లు పెద్దవాడును జగత్ప్రసిద్ధుడును అగు మార్లన్ బ్రాండో సరసన నటించెను. అందొక బలాత్కార దృశ్యము. ఆ యుదయమున దర్శకుడును నటుడును కూడబలుక్కొని దానికొక హేయమైన వివరమును చేర్చిరి. ఆమెకు చిత్రీకరణకు కొంచెము ముందుగాని తెలియలేదు. చేయబడినది నటనయే అయినను తన కన్నీరు మాత్రము నిజమైనదని, ఇద్దరివలనను మానభంగము జరిగినంత అవమానము పొందితినని, తన ప్రతినిధినో న్యాయవాదినో పిలిచి కాదనవచ్చునని ఆ వయసున తనకు తెలియలేదని 2007లో ఆమె చెప్పుకొన్నది. 2011లో మరణించినది. 2013లో దర్శకుడు, తనకు కావలసినది నటి చూపు బాధ కాదు, ఆడపిల్ల పడు బాధ యని చెప్పెను. తప్పుచేసినట్లు అనిపించునుగాని పశ్చాత్తాపము లేదనియు చేర్చెను. ఆ మాటలు 2016లో లోకమంతట వ్యాపించినప్పుడు, బలాత్కార దృశ్యము కథాప్రతిలో ముందునుండి ఉన్నదే యనియు, ఆమెకు తెలియనిది ఆ చేర్చిన వివరమొక్కటియే యనియు సమాధానము చెప్పుకొనెను. న్యాయముగా ఆ మాటయు వ్రాయవలెను గనుక వ్రాసితిమి. అయినను ఆ ఒక్కటియే ఎందుకు దాచవలసి వచ్చినది?

2024 డిసెంబరులో పారిస్ నగరమందలి సినిమా గ్రంథాలయమువారు ఆ చిత్రమును ప్రదర్శింపబూని, స్త్రీల నిరసనవలన మానుకొనిరి. ఆమె కాలము చేసి అప్పటికి 13 ఏండ్లు దాటినవి.

“నిజమైన ఏడుపు రాదు” అని మేమన్న మాటకును ఆ దర్శకుని మాటకును భేదమేమియు లేదు. దేశము వేరు, వేదిక వేరు, దృశ్యము వేరు, నష్టము కొలత వేరు, మాట ఒకటే. ఇంగ్లీషు చదువు ఎరుగని మేము, నాట్యశాస్త్రము తిరుగవేసిన మేము, ఆ మాట అనగలిగితిమి. చదివినది ఏమైపోయినది?

ఏలయన భరతుడు ఈ ప్రశ్నను ముందే వేసికొన్నాడు. దుఃఖము లేనివాడు రంగముపై కన్నీరు ఎట్లు పెట్టునని ప్రశ్నించి, సత్త్వమువలననని సమాధానము చెప్పెను. సత్త్వమనగా మనస్సును ఏకాగ్రము చేయుటవలన పుట్టునది. అశ్రువు, రోమాంచము, స్తంభము మొదలగు ఎనిమిదింటిని సాత్త్వికభావములని లెక్కించెను. కన్నీరు నటునికి పని. అభ్యాసముచేత సంపాదించుకొనిన విద్య. మేము జుట్టు లాగించి ఆ చిన్నదాని విద్యను దాని చేతిలోనుండి తీసివేసితిమి. పద్యమెత్తుకొని గొంతులో వణకు తెచ్చుటకు అది నెలరోజులు సాధన చేసినది. ఆ రాత్రి ఆ వణకు వినువారే లేకపోయిరి. బహుమానము జుట్టునకు వచ్చినది.

ఇంకొకటి. ఆలింగనము, చుంబనము, శయనము మొదలైనవి రంగముపై చూపరాదని భరతుడు నిషేధించెను. కారణము కూడ చెప్పెను: తండ్రి, కొడుకు, అత్త, కోడలు కూడి చూచునది గనుక. చూచువారికి సిగ్గు కలుగకుండ ఎంత జాగ్రత్త! చేయువారి సిగ్గు మాట యేమని మేము ఆ శ్లోకములు చదివిన దినములలో ఎన్నడును అడుగలేదు. మా తండ్రిగారును అడుగలేదు. అయితే కాళిదాసు భవభూతుల నాటకములలో ప్రస్తావన యొకటి యుండును గదా. శాకుంతలమున నాంది కాగానే సూత్రధారుడు నటిని పిలిచి, నేడు ఆడవలసినది ఇది యని మొదట ఆమెకు చెప్పును. సభకు చెప్పుటకు అదొక ఉపాయమని పండితులందురు. కావచ్చును. మాకు మాత్రము ఇప్పుడది వేరుగా వినబడుచున్నది.

మన నాటకములలో ఇట్టి ఘట్టములకు కొదువలేదు. స్త్రీపాత్రలు స్త్రీలే ధరించుటకు పేరుగన్న సురభి నాటకసమాజము 1885లో మొదలైనదే కీచకవధతో. కష్టమైన దృశ్యములు తీసివేయుమని మేమనుట లేదు. సైరంధ్రి కష్టము చూపకున్న విరాటపర్వమే లేదు. కత్తియుద్ధమునకు సినిమావారు ఫైట్ మాస్టరును పెట్టుదురు. మేడపైనుండి దూకువానికి క్రింద పరుపులు పరతురు. పాటకు డాన్సు మాస్టరు అడుగులు లెక్కపెట్టి నేర్పును. సిగ్గుపడు ఘట్టమునకు మాత్రము, “ఏముందమ్మా, సహజముగా చేసేయి” అందురు. ఎముక విరుగునన్న భయమునకు పరుపు కలదు, మనసు విరుగునన్న భయమునకు లేదు.

ఆ పరుపు ఇటీవలనే వచ్చినది. దానిని పరచు ఉద్యోగినిని ఇంటిమసీ కోఆర్డినేటరని పిలుచుచున్నారు. 2006లో టోనియా సీనా అను అమెరికా విద్యార్థిని రంగస్థల సన్నిహిత దృశ్యముల కూర్పును గూర్చి పరిశోధన వ్రాసినది. 2016లో ఆమెయు మరి యిద్దరు స్త్రీలును కలసి ఆ విద్య నేర్పు సంస్థ నొకదానిని స్థాపించిరి. 2018లో ఎమిలీ మీడ్ అను నటి, తాను నటించుచున్న టెలివిజన్ కథలో అట్టి దృశ్యములకు ఒకరు అండగా నుండవలెనని కోరగా, హెచ్.బి.ఓ. వారు ఆ ముగ్గురిలో నొకతెయగు అలీషియా రోడిస్‌ను నియమించిరి. ఆ యేడే తమ కథలన్నింట అట్టి దృశ్యములకు ఇదే పద్ధతి యని ప్రకటించిరి. ఒక నటి నోరు తెరచి అడుగుటవలన వచ్చినది ఇది.

ఆమె చేయు పని వినుడు. కథాప్రతి చదివి, ఎక్కడెక్కడ ఏమున్నదో గుర్తించును. దర్శకునితో మాటాడి, “దగ్గరకు తీసికొనును” అను ఒక్క ముక్కలో ఆయన మనసున నున్నదేమో విప్పి చెప్పించును. పిమ్మట నటితో, నటునితో, వేరువేరుగా, ఒంటరిగా మాటాడును. ఏది సరే, ఏది కాదు, చేయి ఎంతవరకు, ఎన్ని క్షణములు. అంతయు కాగితముపైకి ఎక్కును. ఆపై నాట్యమువలె అంకెలు చెప్పి అభ్యాసము చేయించును. శరీరములకు నడుమ మెత్తలు, వస్త్రములు ఏర్పాటు చేయును. చిత్రీకరణమునాడు పనిలేనివారిని బయటికి పంపును. సంతకము చేసిన తరువాత కూడ నటి వద్దనవచ్చును, అప్పుడు ఆపవలెను. అమెరికాలో నటీనటుల సంఘము తన ఒడంబడికలలో ఇట్టి దృశ్యముల షరతులు వ్రాతమూలమున 48 గంటలు ముందుగా నటునకు అందవలెనని పట్టుబట్టినది. మన దేశమునను ఈ వృత్తి నేర్చిన స్త్రీలు కొందరు హిందీ చిత్రములకు పనిచేయుచున్నారు.

48 గంటలు ఎందుకని మావారు అడిగిరి. సమాధానము మన యిండ్లలోనే కలదు. “సాయంకాలము పెండ్లివారు వచ్చుచున్నారు, తలదువ్వుకో” అని మధ్యాహ్నము చెప్పబడిన ఆడపిల్ల ఏమనగలదు? పిండివంట పొయ్యిమీద నున్నది, పురోహితుడు వీధిలో నున్నాడు, తండ్రి పరువు వాకిట నున్నది. తల వంచుకొని కూర్చుండును. మౌనము అర్ధాంగీకారమందురు. మిగిలిన సగమేమిటని ఎవరును అడుగరు. చిత్రీకరణ స్థలమున దీపములు వెలిగి, నూరుమంది కాచుకొని, గంటకింత యని ఖర్చగుచుండగా 19 ఏండ్ల పిల్లను “సమ్మతమేనా?” అని యడిగిన, అది అడుగుట యగునా? రెండు రాత్రులు నిద్రించి, తల్లితోనో స్నేహితురాలితోనో చెప్పుకొని, వద్దనుటకు తగిన వ్యవధి యుండిననే సరే యన్న మాటకు విలువ.

పిల్లల విషయమున మన దేశమున చట్టమే ఒక మెట్టు ముందుకు పోయినది. బాలకార్మిక నిషేధ నియమములను 2017లో సవరించినప్పుడు, సినిమాలలో పిల్లలచే నటింపజేయువారు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెననియు, దినమునకు 5 గంటలకు మించి పనిచేయింపరాదనియు, సంపాదనలో నూటికి 20 వంతులు పిల్ల పేర బ్యాంకులో వేయవలెననియు వ్రాసిరి. వానితోపాటు, పిల్ల ఇష్టమునకు, సమ్మతికి వ్యతిరేకముగా పాల్గొనజేయరాదనియు వ్రాసిరి. తల్లిదండ్రుల సమ్మతి కాదు, పిల్ల సమ్మతి. పల్లెటూరి బడినాటకమును తనిఖీ చేయుటకు ఎవరును రారు. పిల్ల మాత్రము పిల్లయే.

మన తెలుగు చిత్రసీమలో 2018లో నటీమణులు గొంతెత్తిన పిమ్మట 2019లో తెలంగాణ ప్రభుత్వము ఒక ఉపసంఘమును వేసినది. కేరళ నివేదిక బయటపడిన ఆగస్టులోనే నటి సమంత, ఆ ఉపసంఘము నివేదికను కూడ ప్రకటింపవలెనని బహిరంగముగా కోరినది. సినిమా తారల సంగతి మనకెందుకని తీసివేయకుడు. వారు అడుగునది మన ఆడపిల్లలకును కావలసినదే.

ఇదంతయు చదివిన పిమ్మట ఒకనాటి సాయంకాలము చిన్నదాని యింటికి పోయితిమి. అది వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండెను. దాని మామ్మగారు పీట వేసి కూర్చుండుమనిరి. కాయలు కొన్ని మేమును ఒడిలో వేసికొని, “ఆ రాత్రి జుట్టు లాగమని వాడితో చెప్పింది నేనే తల్లీ” అంటిమి.

“తెలుసు పిన్నిగారూ. వాడు మర్నాడే చెప్పేశాడు. చెప్పి ఏడ్చాడు కూడా.”

ఆ పిల్లవానిని గూర్చి మేము అంతవరకు తలచియే యుండలేదు. వానిచేత కూడ వానికిష్టములేని పని చేయించితిమి గదా.

“చాలా నొచ్చిందా?”

“నొచ్చినందుకు కాదు పిన్నిగారూ. వాడికి తెలుసు, మీకు తెలుసు. నా ఒక్కదానికే తెలీదు. మరి అది నాటకమెలా అవుతుంది?”

మామ్మగారు నడుమ కలుగజేసికొని, “పోనిద్దురూ, బహుమానమొచ్చిందిగా, ఎందుకిప్పుడా గొడవ” అనిరి. ఆ 116 రూపాయలు దేవుని గూటిలో, ఇచ్చిన కవరుతోనే యున్నవట. చిన్నది వానిని ముట్టలేదట. క్షమింపుమని అడిగితిమి. పెద్దవారము చిన్నవారిని అట్లు అడుగుట అలవాటు లేక మాట తడబడినది. అది ఏమియు అనలేదు. వారము దినములైన పిదప మాత్రము పుస్తకము పట్టుకొని పద్యములకు వచ్చినది. ఆ రాత్రియే మావారికి అంతయు చెప్పితిమి.

ఈ యేటి వార్షికోత్సవమునకు కీచకవధలోని ఒక ఘట్టము ఆడవలెనని పాఠశాలలో తలపెట్టిరి. సైరంధ్రి వేషమునకు అందరు దాని పేరే చెప్పిరి. ఈసారి మేము మాటలు వ్రాయుటకు ముందు వేరొక కాగితము వ్రాసితిమి. కీచకుడు ఎన్ని అడుగులు వేయును, ఎక్కడ నిలుచును, చేయి పట్టునా పైటచెరగు పట్టునా, ఎన్నవ పద్యమున విడుచును, తెరప్రక్కన ఎవరుందురు. ఆమె వద్దన్నచో ఆడుటకు వేరొక నాటకము కూడ సిద్ధపరచితిమి. లేనియెడల వద్దనుట ఎట్లు? ఆ కాగితము నిన్న దాని చేతికిచ్చితిమి. రెండుమారులు చదివినది.

“మధ్యలో నేను చెయ్యెత్తితే ఆపేస్తారా? జనం చూస్తున్నా?”

“ఆపేస్తాను.”

“కీచకుడెవరు?”

కిరాణాకొట్టువారి పిల్లవాడేనని చెప్పితిమి. వాడు ఒప్పుకొన్నాడా యని అడిగినది. వానిని ఇంకను అడుగలేదు. ఆ సంగతి దానితో చెప్పి, అక్కడనుండి తిన్నగా కొట్టుకు పోయి, వానికిని ఒక ప్రతి యిచ్చి వచ్చితిమి. చిన్నది శుక్రవారమువరకు గడువడిగినది. నేడు బుధవారము. ఈ పుటలు సాయంకాలపు టపాకు అందవలెను గనుక, దాని జవాబు రాకముందే వీనిని పంపుచున్నాము.